దేవ్‌లాలీ చాయ్‌వాలా

నాసిక్ పక్కనే దేవ్‌లాలీ అని ఒక కంటోన్మెంట్ ఊరుంది. దొరల కాలంలో సీమకు తిరిగి వెళ్లాల్సిన సిపాయిలు ఓడ కోసం అక్కడ నెలల తరబడి పడిగాపులు కాసేవారు. ఎండ, దోమలు, చేతికి పని లేకపోవడం. కొందరికి మతి చలించేది. దాన్ని ‘డూలాలీ టాప్’ అనేవారు, అంటే దేవ్‌లాలీ జ్వరం. పిచ్చెక్కినవాణ్ని ఇంగ్లండులో ఇప్పటికీ ‘డూలాలీ’ అనే అంటారు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఫిరంగి దళంలో చేరిన జిమ్మీ పెర్రీ ఆ ఊళ్లోనే, సైనికులను నవ్వించే నాటక బృందంలో పనిచేశాడు. ఆ జ్ఞాపకాలతో డేవిడ్ క్రాఫ్ట్‌తో కలిసి రాసిందే ‘ఇట్ ఎయింట్ హాఫ్ హాట్ మమ్’. 1974 నుంచి 1981 దాకా బీబీసీలో 56 భాగాలు వచ్చింది. ఇంగ్లండు ఇంటిల్లిపాదీ కూర్చుని చూసిన ఈ హాస్యాన్ని బీబీసీ ఇప్పుడు మళ్లీ వేయడం లేదు.

కారణం రంగీరామ్. దొరల కొలువులో ఉండి ‘మనం బ్రిటిష్‌వాళ్లం’ అని మురిసిపోయే ఆ పాత్రను తెల్లవాడైన మైఖేల్ బేట్స్ ముఖానికి గోధుమరంగు పూసుకుని వేశాడు. ఆయన పుట్టింది ఝాన్సీలో, ఉర్దూ తెలిసినవాడు, మంచి నటుడు. ఆ పాత్రకు తగిన భారతీయ నటుడు దొరకలేదన్నది రచయితల సమాధానం. నాకది మింగుడుపడదు. అదే సెట్‌లో, ఆయన పక్కనే, ఢాకాలో పుట్టిన డీనో షఫీక్ టీ అమ్మే మహమ్మద్ వేషంలో ఉన్నాడు!

ఆ షఫీక్‌ని చూడటానికైనా ఈ ధారావాహికను ఒకసారి చూడాలంటాను. భాగం చివర పేర్లు పడుతుంటే అతను నేలమీద కూర్చుని, బ్రిటిష్ సామ్రాజ్య వైభవాన్ని కీర్తించే ‘ల్యాండ్ ఆఫ్ హోప్ అండ్ గ్లోరీ’ని మన పద్ధతిలో రాగం తీస్తూ పాడతాడు. ఎక్కడినుంచో సార్జెంట్ మేజర్ ‘నోర్ముయ్’ అని గద్దిస్తాడు. పాట తెగిపోతుంది. తన కీర్తనను తనే వినలేని ఆ సామ్రాజ్యాన్ని ఇన్నేళ్ల తర్వాత చూసినా నాకు నవ్వొస్తుంది, వెంటనే గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

షఫీక్ తర్వాత ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’లో అలీ నదీమ్‌గా కనిపించాడు. విదేశీయులు ఇంగ్లిషు నేర్చుకునే తరగతి అది. 1977లో ఐటీవీలో మొదలైంది. జనం విరగబడి చూస్తున్నా, ఇది జాతులను కించపరుస్తోందని చానల్ అధికారి మైఖేల్ గ్రేడ్ ఆపేయించాడు. దీన్నే 1993లో దూరదర్శన్ ‘జబాన్ సంభాల్‌కే’గా తీసింది. పంకజ్ కపూర్ హిందీ మాస్టారు. ఆ తరగతిలో దక్షిణాది విద్యార్థి హిందీ కూడా నవ్వులాటే అయింది. అంటే, యాసను వెక్కిరించే అలవాటు ఇంగ్లండుది మాత్రమే అనడానికి లేదు.

ఆ రోజుల బ్రిటిష్ హాస్యాల్లో ఏమాత్రం పాతబడనిది ‘ఎస్ మినిస్టర్’. 1980లో మొదలైన ఈ హాస్యంలో ఒక ఆసుపత్రి ఉంటుంది. అయిదు వందల మందికి పైగా ఉద్యోగులు, ఒక్క రోగీ లేడు. అయినా అక్కడ ఊపిరి సలపనంత పని! పైగా పరిశుభ్రతకు బహుమతి పోటీలో ఉంది. రోగులుంటే అంత శుభ్రత ఎలా సాధ్యం? మంత్రి తలపట్టుకుంటాడు, కార్యదర్శి తొణకడు. 2001లో ఫారూఖ్ షేక్ మంత్రిగా స్టార్ ప్లస్‌లో ‘జీ మంత్రీజీ’ అయి వచ్చినప్పుడు, ఆ కథలు మన ఢిల్లీలోనే పుట్టినట్టు ఒదిగిపోయాయి. ఫైలు కదలనంతకాలం ఆ హాస్యానికి ముసలితనం రాదు.

ఇక ఆ యాస వెక్కిరింపులకు జవాబు చెప్పినవాళ్లు వచ్చారు. 1960లో పీటర్ సెల్లర్స్ భారతీయ డాక్టర్ యాసతో పాడిన ‘గుడ్‌నెస్ గ్రేషస్ మీ’ అనే పాట పేరునే, ఇంగ్లండులోని భారతీయ సంతతి నటులు మీరా స్యాల్, సంజీవ్ భాస్కర్ బృందం తమ కార్యక్రమానికి పెట్టుకుంది. బీబీసీలో 1998లో వచ్చిన అందులో, రాత్రిపూట బొంబాయిలో ఒక స్నేహితుల గుంపు ఇంగ్లిషు హోటలుకి వెళ్తుంది. తెల్ల వెయిటర్ పేరు జేమ్స్. ఆ చిన్న పేరు వాళ్ల నోట పలకదు. మెనూలో అన్నిటికంటే చప్పగా ఉండేది ఏదో అది తెమ్మంటారు. జేమ్స్ ఓపిగ్గా నిలబడి రాసుకుంటుంటాడు.