జాజ్‌కు గిటార్: ఇఎస్-335, ఇఎస్-330

అమెరికాకు చెందిన గిబ్సన్ సంస్థ 1958లో ఇఎస్-335 గిటార్‌ను, మరుసటి ఏడాది ఇఎస్-330ను విడుదల చేసింది. పైకి రెండూ కవలల్లా ఉంటాయి: పలుచని దేహం, మెడకు అటూ ఇటూ గుండ్రని కొమ్ములు, ఎఫ్ ఆకారపు రంధ్రాలు. తేడా అంతా లోపలే. 335 దేహం నడుమ పొడవునా మేపుల్ చెక్క దిమ్మ ఉంటుంది. అందుకే దీన్ని సెమీ హాలో అంటారు. 330 పూర్తిగా డొల్ల.

దిమ్మ ఉన్నచోట పైపలక అంతగా అదరదు. అందువల్ల ఆంప్లిఫయర్ శబ్దం పెంచినా 335 తొందరగా కూత పెట్టదు. మీటిన స్వరం చాలాసేపు నిలుస్తుంది. 330లో స్వరం చటుక్కున లేచి త్వరగా ఆరిపోతుంది. వడిగా సాగే బీబాప్ జాజ్‌లో ఏ స్వరానికా స్వరం విడిగా వినిపించడానికి ఈ గుణమే గొప్ప వరం. జాజ్ గిటారిస్ట్ గ్రాంట్ గ్రీన్ 1960ల ఆరంభంలో 330తో బ్లూ నోట్ సంస్థకు చేసిన రికార్డులు వింటే అది తెలిసిపోతుంది.

335లోని హంబకర్ పికప్‌లు రొదను అణచి, నిండైన ధ్వనినిస్తాయి. 330లోని పి-90 పికప్‌లకు పదునెక్కువ, సన్నని రొదా ఉంటుంది. 330 మెడ దేహంలోకి ముందుగానే కలుస్తుంది కాబట్టి పై ఫ్రెట్లు అందుకోవడం కష్టం.

డ్రమ్స్, శాక్సఫోన్ ఉన్న బృందంలో గట్టిగా వాయించేవారికి దిమ్మ ఉన్నదే నయం. జాజ్ గిటారిస్ట్ జాన్ స్కోఫీల్డ్ దశాబ్దాలుగా వాయిస్తున్న ఐబనేజ్ ఏఎస్-200 కూడా ఆ కోవదే. చిన్న గదిలో, మెత్తని శబ్దంతో త్రయంగా వాయించేవారు మాత్రం 330నే ముందుగా చూడాలి.