పటం గీసింది ఎవరు?

పాత పటం కంటపడగానే ఎవరైనా ముందు వెతికేది దాని మూలన ఉండే పేరు. టాలెమీ, డాన్విల్, రెనెల్, మెకంజీ, లాంబ్టన్. గ్రంథాలయాల జాబితాలూ వేలంపాటల ధరలూ ఆ పేరును బట్టే నడుస్తాయి. కావ్యానికి కవి ఉన్నట్టు పటానికీ ఒకే కర్త ఉంటాడని మనం నమ్ముతూ వచ్చాం. భారతదేశపు పటాల చరిత్రలోకి కాస్త లోతుగా దిగితే ఈ నమ్మకం నిలవదు. పటం పూర్తయ్యేది ఒకరి బల్ల మీదే కావచ్చు. అందులోని ఊళ్లూ ఏళ్లూ పొలిమేరలూ మాత్రం ఆ దారుల్లో నడిచినవాళ్లు, ఆ ఊళ్ల లెక్కలు రాసినవాళ్లు చెప్పినవి. వాళ్లలో కొందరి పేర్లు రికార్డుల్లో భద్రంగానే ఉన్నాయి. వాటిని పటం పక్కన రాయకపోవడమే లోపం.

క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉంటూ టాలెమీ సుమారు 8,000 స్థలాలకు అక్షాంశ రేఖాంశాలు కూర్చాడు. వాటిలో మన కోస్తా తీరపు మైసోలియా కూడా ఉంది. ఆయన ఈ తీరానికి ఎన్నడూ రాలేదు. ఓడలవాళ్లూ వర్తకులూ చెప్పిన దూరాల మీద, ప్రయాణపు రోజుల మీద ఆధారపడ్డాడు. అందుకే ఆయన లెక్కలతో గీసిన పటాల్లో మన ద్వీపకల్పం దక్షిణానికి సాగకుండా అణిగిపోయింది, సింహళం అసలు కొలతకు ఎన్నో రెట్లు పెరిగింది. 1752లో పారిస్‌లో భారతదేశ పటం అచ్చు వేసిన డాన్విల్ కూడా ఈ దేశం చూసినవాడు కాదు. ఆధారం దొరకని చోటును కల్పనతో నింపకుండా ఖాళీగా వదిలేయడం ఆయన నిజాయితీ. కబురు తెచ్చే మనిషి లేనిచోట ఎంతటి పండితుడికైనా గీత సాగదని ఆ ఖాళీలే చెబుతున్నాయి.

బెంగాల్‌ను స్వయంగా కొలిచిన జేమ్స్ రెనెల్ సంగతి చూద్దాం. 1782లో ఆయన వేసిన హిందుస్థాన్ పటం మూలన ఒక బొమ్మ ఉంది. బ్రిటానియా దేవత ఎదుట పండితులు నిలబడి తమ శాస్త్ర గ్రంథాలను ఆమెకు అందిస్తుంటారు. ఆమె రక్షకురాలు, వాళ్లు శరణార్థులు అన్నది చిత్రకారుడి భావం. కానీ అదే రెనెల్ పటానికి తోడుగా రాసి, తర్వాత విస్తరించిన వివరణ గ్రంథం మరో సంగతి చెబుతుంది. గుజరాత్ వివరాలకు సదానందుడనే బ్రాహ్మణుడు గీసిన పటం ఆధారం. బెంగాల్ నుంచి దక్కన్‌కు వచ్చే దారులను పరిశీలించి చెప్పినవాడు గులాం మహమ్మద్ అనే సిపాయి అధికారి. పంజాబ్ నదులకు పారసీ పేర్లతో స్థానికుడొకరు గీసిన పటం పనికొచ్చింది. రెనెల్ ఈ రుణాన్ని దాచుకోలేదు. అయితే పుస్తకం చదివినవారికి తెలిసిన ఆ పేర్లు పటం చూసినవారికి తెలియలేదు. లోకంలో ఎక్కువగా తిరిగింది పటమే.

ఈ కథ మన గడప దాకా వచ్చేది కాలిన్ మెకంజీతో. స్కాట్లాండ్‌లోని ఒక దీవి నుంచి 1783లో మద్రాసు చేరిన ఈ ఇంజనీరు నెల్లూరు, ఒంగోలు, గుంటూరు ప్రాంతాల్లో సర్వే చేశాడు. 1792 నుంచి నిజాం రాజ్యంలో, 1799లో టిప్పు పతనం తర్వాత మైసూరులో పనిచేశాడు. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయనకు దేశభాషలు పెద్దగా రావు. ఏ ఊరు ఏ తాలూకాదో, వాగుకు ఇవతలి మాన్యం ఎవరిదో, చెరువు ఎవరు తవ్వించారో దుర్భిణిలో కనిపించవు. అది కరణాల కవిలెల్లో, గ్రామ పెద్దల నోళ్లలో ఉండే జ్ఞానం. దాన్ని రాబట్టింది ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య, వాళ్లు తయారుచేసిన బృందం. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే కన్నుమూశాడు. భారతీయ విజ్ఞానంలోకి తనకు తలుపు తెరిచింది బొర్రయ్యేనని మెకంజీ 1817 నాటి లేఖలో స్వయంగా ఒప్పుకున్నాడు. మనం ఈనాటికీ చదువుకుంటున్న కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, ఈ శ్రమ ఫలితమే. 1816లో థామస్ హిక్కీ వేసిన తైలవర్ణ చిత్రంలో ఎర్రకోటు మెకంజీ పక్కన ముగ్గురు భారతీయులు నిలబడి ఉంటారు. వారిలో దుర్భిణి పట్టుకున్నవాడు కిష్ణాజీ అనే బంట్రోతు. పటం మీద దొరకని చోటు చిత్రంలో దొరికింది.

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది. సమాచారం ఎవరైనా ఇస్తారు, దాన్ని శాస్త్రంగా మార్చింది యూరోపియన్ల త్రిభుజీకరణ కాదా అని. ఈ మాటలో న్యాయం ఉంది. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర లాంబ్టన్ ఆధారరేఖను కొలిచిన శ్రద్ధ అసాధారణం. అయితే అరటన్ను బరువున్న ఆయన థియోడొలైట్ కొండ శిఖరాలకూ గుడి గోపురాలకూ తనంతట తాను ఎక్కలేదు. త్రిభుజాలు బిందువుల స్థానాన్ని తేలుస్తాయి, ఆ బిందువుల నడుమ ఉన్న ఊరి పేరును చెప్పవు. కొలత కూడా ఎప్పుడూ దొరల చేతిదే కాదు. 1865-66లో సర్వే తరఫున టిబెట్‌లోని లాసాకు రహస్యంగా వెళ్లిన నైన్‌సింగ్ రావత్ నూరు అడుగులకొక పూస చొప్పున జపమాల తిప్పుతూ వందల మైళ్లు లెక్కపెట్టాడు. ఆ లెక్క నిలబడింది కాబట్టే 1877లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఆ పటాలు శిస్తు వసూలుకూ సైన్యాల కదలికకూ పుట్టినవి, వాటిలో మనవాళ్ల వాటా చూసి గర్వించడం ఎందుకు? నిజమే. మెకంజీ శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నవాడు, కావలి సోదరులు కంపెనీ జీతం తీసుకున్నవారు. కానీ ఇక్కడ అడుగుతున్నది పొగడ్త కాదు, హాజరుపట్టీ. పేరు లేనివాడికి బాధ్యతా ఉండదు, గౌరవమూ ఉండదు. పేర్లు చెరిపితే వలస పాలన మన ప్రమేయం లేకుండానే సాగిందన్న మరో భ్రమ పుడుతుంది. ఆ చెరిపివేత యాదృచ్ఛికమూ కాదు. 1821లో మెకంజీ పోయాక ఆ సేకరణను కొనసాగిస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకుంటే, ఏషియాటిక్ సొసైటీ తరఫున జేమ్స్ ప్రిన్సెప్ ఆ పనికి నాయకత్వం వహించే శక్తి స్థానికుడికి ఉండదని తేల్చాడు. ఆ మాట రాకముందే, 1820లలోనే, వారి మరో సోదరుడు రామస్వామి ప్రాచీన దక్కన్ పటం తయారుచేసి, దానికి వివరణగా కలకత్తాలో పుస్తకం అచ్చు వేయించాడు. శక్తి లేదన్న తీర్పుకు జవాబు ఆ ఇంట్లోనే ఉంది.

కాబట్టి పాత పటాలను కాపాడే మ్యూజియాలూ ఆర్కైవ్స్ శాఖలూ ఒక పని చేయాలి. ప్రతి పటం వివరణలో సర్వేయర్ పేరు కింద, రికార్డుల్లో దొరికినంత మేరకు, సహాయకుల పేర్లూ చేర్చాలి. పటాన్నీ, దానికి సంబంధించిన కైఫీయత్తునూ ఒకే చోట అందుబాటులో పెట్టాలి. మన పిల్లలకు మెకంజీ పేరు చెప్పేటప్పుడు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి పేర్లు కూడా చెప్పాలి. ఇది ఎవరి పేరునూ కొట్టేసి చేయాల్సిన పని కాదు, రాయకుండా వదిలేసిన పేర్లు రాస్తే చాలు.