మూడు నలుపు తెలుపు ఫోటోలు, ఒక రంగుల చిత్రం



తాతల నాటి నలుపు తెలుపు ఫోటోను ఫోన్‌లో యాప్‌కు ఇస్తే క్షణంలో రంగులు వేసేస్తుంది. మన పెళ్లిళ్ల ఫోటోలు, దండారి ఫోటోలు అలా వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. ఆ రంగులు నిజమైనవేనా? జవాబు కోసం కొంచెం చరిత్రలోకి వెళ్దాం.

ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను తగు పాళ్లలో కలిపితే దాదాపు అన్ని రంగులూ వస్తాయి. దీని ఆధారంగా స్కాట్లాండ్ శాస్త్రవేత్త జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1861లో లండన్‌లో ఒక ప్రయోగం చేసి చూపించారు. ఆయన కోసం థామస్ సట్టన్ ఒక రంగుల రిబ్బన్‌ను ఒక్కో రంగు ఫిల్టర్ అడ్డుపెట్టి వేర్వేరుగా ఫోటోలు తీశారు. అన్నీ నలుపు తెలుపువే. వాటిని అవే రంగుల వెలుగులతో తెర మీద ఒకదానిపై ఒకటి వేస్తే రిబ్బన్ రంగుల్లో కనిపించింది.

ఇందులో కిటుకు తేలికే. ఎర్ర గుడ్డ ఎరుపు ఫిల్టర్ గుండా తీసిన ఫోటోలో తెల్లగా, నీలం ఫిల్టర్ గుండా తీసినదాంట్లో నల్లగా పడుతుంది. ఆ తేడాలోనే రంగు దాగి ఉంటుంది.

రష్యాకు చెందిన ప్రొకుదిన్-గోర్‌స్కీ ఈ పద్ధతితోనే 1909 నుంచి 1915 వరకు ఆ సామ్రాజ్యమంతా తిరిగారు. రైతులు, రైల్వే కార్మికులు, మధ్య ఆసియా ప్రజలు ఆయన గాజు పలకలకెక్కారు. మూడు ఫోటోలూ వెంటవెంటనే తీయాలి కాబట్టి మనుషులు కదలకుండా ఉండాల్సి వచ్చేది. పారే నీటి అలలు మాత్రం రంగురంగుల చారలుగా పడ్డాయి. 1911లో తీసిన బుఖారా అమీరు నీలి అంగీని నేటికీ చూడొచ్చు. అది ఎవరో ఊహించిన నీలం కాదు, ఆ రోజు కెమెరాలోకి వచ్చిన వెలుగు. ఆ పలకలు ఇప్పుడు అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉన్నాయి.

ఇక మన సంగతి. 1940లలో మార్లవాయిలో మన పెద్దల మధ్య నివసించిన హైమన్‌డార్ఫ్ గారు గోండుల జీవితాన్ని నలుపు తెలుపు ఫోటోల్లో పదిలపరిచారు. అలాంటి ఫోటో ఒక్కటే ఉంటుంది, దానికి తోడు ఫిల్టర్ ఫోటోలు లేవు. కనుక యాప్ వేసేది ఊహ మాత్రమే. గుస్సాడీ నెమలి ఈకల టోపీ ఏమిటో, అవ్వ కట్టిన చీర ఏ రంగో దానికి తెలియదు. తప్పు రంగు నాలుగుసార్లు షేర్ అయితే రేపటి పిల్లలకు అదే మన సంప్రదాయమైపోతుంది.

అందుకే మూడు పనులు చేద్దాం. అసలు ఫోటోను చెరపకుండా దాచుదాం. రంగు వేసే ముందు ఇంట్లో పెద్దలను అడిగి, వాళ్లు చెప్పింది రాసి పెట్టుకుందాం. రంగు వేసిన ఫోటో కింద "ఇవి ఊహించి వేసిన రంగులు" అని రాద్దాం. ఆ రంగులను కళ్లారా చూసినవాళ్లు ఇంకా మన గూడేల్లో ఉన్నారు. వాళ్లుండగానే అడుగుదాం.