పెద్ద వయసు పరుగుకు ‘విరామ’ బలం
వారానికి రెండు రోజులే మేలు.. పరీక్షల తర్వాతే ప్రారంభించాలి

వయసు పైబడిన కొద్దీ దూరపు పరుగులో వేగం మందగించడం సహజం. వ్యాయామం లేనివారిలో శరీరం ప్రాణవాయువును వినియోగించుకునే గరిష్ఠ సామర్థ్యం పదేళ్లకు సుమారు 10 శాతం చొప్పున క్షీణిస్తుంది. తీవ్ర సాధన కొనసాగించేవారిలో ఈ తరుగుదల తక్కువ. రోజూ ఒకే వేగంతో పరుగెత్తే అరవై ఏళ్ల క్రీడాకారులకు ఇంటర్వెల్ శిక్షణ ఇక్కడే అక్కరకు వస్తుంది. కొద్ది నిమిషాలు వేగంగా, కొద్ది నిమిషాలు నెమ్మదిగా సాగడమే ఇందులోని సూత్రం.

నార్వే పద్ధతి
ట్రాండ్‌హైమ్ నగరంలో 70 నుంచి 77 ఏళ్ల మధ్య వయసున్న 1,567 మందిపై అయిదేళ్లపాటు అధ్యయనం జరిగింది. ఫలితాలు 2020లో వెలువడ్డాయి. తీవ్ర విరామ వ్యాయామం కేటాయించిన వారిలో 3 శాతం, మధ్యస్థ వ్యాయామం కేటాయించిన వారిలో 5.9 శాతం, సాధారణ సూచనలు పాటించిన వారిలో 4.7 శాతం మంది మరణించారు. అయితే ఈ తేడాలు ఆయుష్షు పెరుగుతుందని నిర్ధారించేంత బలమైనవి కావు.

చేసే విధానం
* తొలుత పది నిమిషాలు నెమ్మదిగా నడక, పరుగుతో శరీరాన్ని వేడెక్కించాలి.
* నాలుగు నిమిషాలు వేగంగా, మూడు నిమిషాలు తేలికగా సాగాలి. ఇలా నాలుగు విడతలు చేయాలి. కొత్తవారు రెండు విడతలతో ఆరంభించాలి.
* చివర అయిదు నిమిషాలు నడిచి ముగించాలి. ఒక్కసారిగా ఆగిపోరాదు.

తీవ్రత ఎంత?
వయసును 0.7తో హెచ్చించి 208 నుంచి తీసివేస్తే గరిష్ఠ హృదయ స్పందన అంచనాకు వస్తుంది. అరవై ఏళ్ల వారికి ఇది 166. వేగపు విడతలో అందులో 85 నుంచి 95 శాతం, అంటే 141 నుంచి 158 వరకు చేరాలి. ఇది సగటు లెక్క మాత్రమే. రక్తపోటుకు బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి వర్తించదు. వారు శ్వాసనే కొలమానంగా తీసుకోవాలి. రెండు మూడు మాటలకు మించి పలకలేని స్థితి సరైన తీవ్రతకు గుర్తు.

కోస్తాలో ఉక్కపోత అధికం. అదే వేగానికి గుండె మరింత శ్రమిస్తుంది. వేసవిలో తెల్లవారుజామునే సాధన ముగించి, విడతలు తగ్గించుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవారు విశాఖ కైలాసగిరి వంటి ఎత్తుదారిలో చురుగ్గా నడిచి ఎక్కినా గుండెకు తగిన శ్రమ లభిస్తుంది. దిగేటప్పుడు మాత్రం మోకాళ్లపై భారం పడకుండా నిదానించాలి.

తప్పనిసరి జాగ్రత్తలు
వయసుతోపాటు కండరాలు కోలుకునే వేగమూ తగ్గుతుంది. రెండు తీవ్ర సాధనల మధ్య కనీసం 48 గంటల ఎడం ఉండాలి. మిగిలిన రోజుల్లో తేలికపాటి పరుగు చాలు. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని సలహాతో ఈసీజీ, అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకున్నాకే మొదలుపెట్టాలి. ఛాతీలో బిగువు, దవడకు లేదా ఎడమ చేతికి పాకే నొప్పి, కళ్లు తిరగడం కనిపిస్తే తక్షణం ఆగి 108కి ఫోన్ చేయాలి. గ్యాస్ నొప్పేనని సరిపెట్టుకొని విడత పూర్తిచేయాలనుకోవడం ప్రాణాంతకం.