పూత వెంట మూడు పురుగులు: పశ్చిమ ప్రకాశం కందిచేలలో కీటకాల జీవక్రమం, నివారణ వేళ

పశ్చిమ ప్రకాశంలో కంది మెట్ట రైతు పంట. నల్లమల తూర్పు అంచు నుంచి తర్లుపాడు, కొనకనమిట్ల దాకా పరచుకున్న ఎర్ర నేలల్లో, అక్కడక్కడ తగిలే నల్లరేగడిలో వానను నమ్ముకుని వేసే పైరు ఇది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. వాన తీరులోనూ ఈ సీమ రాయలసీమకూ కోస్తాకూ నడుమనే ఉంది. నైరుతి వానలకు విత్తనం పడుతుంది. ఈశాన్య రుతుపవనాల మబ్బుల కింద పూత వస్తుంది. కందికి పురుగు వల్ల జరిగే నష్టంలో పెద్ద భాగం ఈ రెండో దశలోనే తేలిపోతుంది.

కందిని పాడుచేసే కీటకాలు చాలా ఉన్నా దిగుబడిని నిర్ణయించేవి మూడు: మారుకా మచ్చల పురుగు, శనగపచ్చ పురుగు, కాయ ఈగ. ఈ మూడింటినీ కలిపి ‘పురుగు పడింది’ అనడం, ఆ మాట మీదే మందుల కొట్టుకు వెళ్లడం మన అలవాటు. పొలంలో మందు విఫలమవడానికి నకిలీ సరుకునో, తక్కువ మోతాదునో కారణంగా చెప్పుకుంటాం. అవీ ఉండవచ్చు. అయితే ఈ మూడూ మొక్క మీద ఒకే చోట తినవు, ఒకే వారంలోనూ తినవు. కందిలో నివారణ పురుగు కంటబడిన రోజును బట్టి కాక పూత దశను బట్టి నడవాలన్నది ఈ వ్యాసం వాదన.

మొదట దిగేది మారుకా. ముదురు గోధుమరంగు ముందు రెక్కల మీద అద్దంలాంటి తెల్లని మచ్చలున్న చిన్న రెక్కల పురుగు మొగ్గల మీద, లేత పూల మీద గుడ్లు పెడుతుంది. పొదిగిన పిల్ల పురుగు మొగ్గలోకి దూరుతుంది. కాస్త ఎదిగాక పూలనూ, పిందెలనూ, లేత ఆకులనూ దారాలతో కలిపి గూడు కట్టి లోపలే తింటుంది. ప్రతి కణుపు మీదా నల్లచుక్కలుండే ఈ పురుగు దాదాపు రెండు వారాలు ఆ గూడు విడిచి రాదు. మబ్బు, ముసురు, గాలిలో తేమ దీనికి అనుకూలం. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి నవంబరులో నాలుగు రోజులు ఆకాశం మూసుకుంటే, మార్కాపురం వైపు వాన పెద్దగా పడకపోయినా మబ్బు వస్తుంది, ఆ మబ్బుతో మారుకా పెరుగుతుంది. పూత గుత్తులుగా ఒక్కసారే విచ్చుకునే రకాల్లో గూడు కట్టడం దానికి మరీ తేలిక. గూడు కనబడ్డాక కొట్టిన మందులో ఎక్కువ భాగం గూడు పైనే ఆగిపోతుంది. దీనికి తొలి పిచికారీ మొగ్గ దశలోనే జరగాలి.

శనగపచ్చ పురుగు తీరు వేరు. తల్లి పురుగు గుడ్లను గుంపుగా పెట్టదు. ఒక్కొక్కటిగా, మొగ్గల మీదా పిందెల మీదా, వందల సంఖ్యలో పెట్టుకుంటూ పోతుంది. మూడు నాలుగు రోజుల్లో పొదుగుతాయి. ఎదిగిన పురుగు తల కాయలోకి దూర్చి, మిగతా ఒళ్లు బయట పెట్టుకుని గింజను తింటుంది. తర్వాత నేలలోకి దిగి ప్యూపాగా మారుతుంది. నెల, నెలా పదిరోజుల్లో తరం తిరుగుతుంది. మన దేశంలో 180కి పైగా మొక్కల మీద ఇది బతకగలదు. పత్తి, మిరప, కంది, శనగ, పొద్దుతిరుగుడు ఒకే మండలంలో సాగయ్యే చోట ఏ నెలలోనూ దానికి తిండి తక్కువ కాదు.

ఈ పురుగు గురించి మాట్లాడేటప్పుడు 1987-88ని దాటవేయకూడదు. ఆ దశకంలో వాడకంలోకి వచ్చిన సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను పత్తి రైతులు పదేపదే కొట్టారు. ఆ ఏడు కోస్తా ఆంధ్ర పత్తిచేలలో తెల్లదోమా ఇదీ కలిసి విరుచుకుపడ్డాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మన రాష్ట్రపు పురుగులను పరీక్షించిన శాస్త్రజ్ఞులు అవి పైరిథ్రాయిడ్లకు నిరోధకశక్తి పెంచుకున్నాయని ఆ తర్వాత తేల్చారు. పత్తి మీద రాటుదేలిన పురుగే కందికీ వస్తుంది. ఇప్పుడు కందిలో ఎక్కువగా సాగుతున్న క్లోరాంట్రానిలిప్రోల్‌ను, లీటరుకు 0.3 మి.లీ. చొప్పునే అయినా, పూత మొదలు కోత దాకా మళ్లీ మళ్లీ అదే కొడుతుంటే పాత దారి మళ్లీ తొక్కినట్టే. ఆ నష్టం ఎవరి ఇంటి మీద పడిందో ఈ జిల్లాకు తెలుసు.

పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఈ పురుగు మీద దశాబ్దాలుగా చేసిన కృషిలో రెండు విషయాలు మన ప్రాంతానికి ముఖ్యం. ఒకటి తట్టుకునే రకాల వేట. 1989లో మన రాష్ట్రంలో విడుదలైన ‘అభయ’, అంటే ఐ.సి.పి.ఎల్. 332, శనగపచ్చ పురుగును కొంతవరకు తట్టుకుంది. ఎండు తెగులుకు మాత్రం లొంగింది. రెండోది ట్రైకోగ్రామా పరాన్నజీవి మీద జరిగిన పరిశీలన. జొన్న కంకి మీద ఉన్న శనగపచ్చ పురుగు గుడ్లను ఈ సూక్ష్మమైన కందిరీగ బాగా వెతికి పట్టింది. కంది మీద పట్టలేకపోయింది. కంది రక్షకపత్రాల మీదా కాయల మీదా ఉండే నూగు, దాని జిగురు ఆ చిన్న కాళ్లకు అడ్డం. ఈ పరాన్నజీవిని అంటించి పత్తిలోనూ చెరకులోనూ మేలుచేసే ట్రైకోకార్డులను అదే నమ్మకంతో కందిచేనులో కట్టమనడం నా దృష్టిలో సరికాదు. నడుమ నాలుగు జొన్న సాళ్లు వేయడం మేలు. కంకులకు వచ్చే పక్షులు పురుగునూ ఏరుకుంటాయి.

కాయ ఈగను రైతు చూడనే చూడడు. నల్లని చిన్న ఈగ లేత కాయ గోడలోకి గుడ్డు దింపుతుంది. పురుగు లోపలే పుట్టి, గింజ తిని, లోపలే ప్యూపాగా మారుతుంది. అంతకుముందే ఈగ బయటపడే దారిగా కాయ గోడను లోపలి నుంచి కొరికి పైపొర ఒక్కటీ మిగులుస్తుంది. ఆ పలచని కిటికీ కనబడేసరికి గింజ వంటకూ విత్తనానికీ పనికిరాదు. కందినీ దాని దగ్గరి చుట్టాలనూ తప్ప ఇది వేరే పైర్లను ఆశించదు. ఆలస్యంగా కాసే చేలలో ఎక్కువ.

ఈ మూడింటినీ కలిపే దారం మొక్కలోనే ఉంది. కంది పూసిన పూలలో అత్యధిక భాగాన్ని పురుగు లేకున్నా రాల్చేస్తుంది. 1970లలో ఇక్రిశాట్‌లో వృక్ష శరీరధర్మ శాస్త్రజ్ఞుడు రూపర్ట్ షెల్డ్రేక్ బృందం పూలనూ పిందెలనూ వారాల తరబడి చేత్తో తుంచి చూసింది. మొక్క తర్వాతి పూతతో ఆ లోటును చాలావరకు పూడ్చుకుంది. దీన్నిబట్టి తొలి పూత పోయినా ఫర్వాలేదని ధీమాగా ఉండవచ్చా? నల్లరేగడిలో తేమ నిలిచి ఉంటే కొంతవరకు ఉండవచ్చు. గిద్దలూరు, కొమరోలు ఎర్ర నేలల్లో డిసెంబరుకే అడుగు ఆరిపోతుంది. రెండో పూత పలచగా వస్తుంది. అది కాయ కట్టేది జనవరిలో, సరిగ్గా కాయ ఈగ వేళకు. మారుకాకు తొలి పూతను వదిలేసిన చేను మిగిలిన కాయను ఈగకు అప్పజెబుతుందన్నమాట. ఎర్ర నేలల్లో మొగ్గ దశ రక్షణ అంత విలువైనది అందుకే.

కాబట్టి నివారణ క్రమం ఇలా ఉండాలంటాను. మొగ్గ తొడిగే వారంలో గూడు కట్టకముందే అయిదు శాతం వేప గింజల కషాయం. మబ్బు పడితే మారుకా మీద పనిచేసే మందు ఒక్కసారి. పూత, పిందె దశల్లో లింగాకర్షక బుట్టల్లో పడే మగ శనగపచ్చ పురుగులను లెక్కిస్తూ, లేత పురుగు దశలో సాయంత్రం వేళ దాన్ని చంపే ఎన్.పి.వి. వైరస్ ద్రావణం. ఎండకు ఆ వైరస్ చచ్చిపోతుంది గనుక ఉదయం కొట్టి లాభంలేదు. ఎదిగిన శనగపచ్చ పురుగులకు మొక్కను ఊపి కింద పరిచిన దుప్పటి మీదికి రాల్చి ఏరే పాత పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. గూట్లో ఉన్న మారుకా, కాయలో ఉన్న ఈగ పురుగు మాత్రం ఊపినా రాలవు. కాయ కట్టే దశలో ఈగ కోసం డైమిథోయేట్ వంటి అంతర్వాహిక మందు. ఒకసారి కొట్టిన మందు తరగతి అదే చేనులో ఆ ఏడు మళ్లీ రాకూడదు.

ఈ క్రమానికి తేదీలు కావాలి. కంది పగటి పొడవు తగ్గితే పూసే మొక్క. విత్తిన తేదీ నెల అటూఇటూ అయినా పూత తేదీ అంత జరగదు. దర్శి కృషి విజ్ఞాన కేంద్రం పరిధిలో ఎర్ర నేలకొకటి, నల్ల నేలకొకటి పూత పట్టిక తయారుచేయడం కష్టమైన పని కాదు. దానితోపాటు కోత వేళ ప్రతి చేనులో వంద కాయలు ఒలిచి లెక్కగట్టాలి. గుండ్రని పెద్ద రంధ్రం శనగపచ్చ పురుగుది. గూటి దారాలూ రెట్టా అంటిన చిన్న రంధ్రం మారుకాది. పైకి బాగున్నట్టుండి లోపల గింజ తొలిచి, గోడ మీద కిటికీ గాని గుండుసూది రంధ్రం గాని ఉన్నది ఈగది. మూడింటికీ మూడు కుప్పలు పోసి చూసిన రైతుకు, వచ్చే ఏడు తొలి పిచికారీ ఏ వారంలో పడాలో తన చేనే చెబుతుంది.