గణిత తరగతిలో దత్తాంశ విశ్లేషణ

పరిసరాల నుంచి సేకరించిన వాస్తవ సంఖ్యలను విద్యార్థులే పట్టికలు, రేఖాచిత్రాలుగా మలచి నిర్ధారణలకు రావడం నేర్పే బోధన పద్ధతి. బడి చదువును వెలుపలి జీవితంతో ముడిపెట్టాలన్న జాతీయ విద్యా ప్రణాళిక చట్రం–2005 సూత్రం దీనికి బలమిచ్చింది. సగటు, మధ్యగతం, బాహుళకం, పౌనఃపున్య పట్టిక, సోపాన చిత్రం ఇందులో ప్రధాన సాధనాలు.

ఉదాహరణకు, 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారిన నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతంలో పత్తి, మిర్చి ధరలు, మండలవారీ వర్షపాతం, మునేరు నీటిమట్టం ఇందుకు అనువైన దత్తాంశం. ఒక్కరోజు ధర అసాధారణంగా పెరిగితే సగటు మారుతుంది. మధ్యగతం దాదాపు నిలకడగా ఉంటుంది. ఏ కొలతను ఎప్పుడు ఎంచుకోవాలో దీంతో బోధపడుతుంది.

ఇదే నందిగామలో పాఠశాల విద్యలో కొంత భాగం పూర్తిచేసిన గణాంకవేత్త సి.ఆర్.రావు (1920–2023), 2023లో అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి పొందారు.