వాదమర్యాద

ఎదుటివాని మతమును ఖండింపబూనినవాడు ముందుగా ఆ మతమును, వాడు కూడ ఔనని తల యూపునట్లు, తన నోటితోనే చెప్పితీరవలెనని మన ప్రాచీన తార్కికులు విధించిరి. దీనికే పూర్వపక్షమని పేరు. ఇది సౌజన్యమునకై చెప్పిన మాట యనుకొనరాదు. తప్పినవానికి ఓటమియే ఫలము. గౌతముని న్యాయసూత్రములు కడపటి అధ్యాయమున పరాజయహేతువులను నిగ్రహస్థానములను పేర 22 లెక్కించినవి. ప్రతివాది వాక్యము ముమ్మారు చెప్పబడి, సభకు బోధపడిన పిదపను, దానిని అనువదింపలేక ఊరకుండువాడు ఓడినట్లే. తాను ముమ్మారు చెప్పియు సభకుగాని ప్రతివాదికిగాని అర్థము కానట్లు చెప్పువాడును ఓడినట్లే. జటిలమైన పదజాలముతో సభను బెదరగొట్టి గెలువజూచు పండితులున్నంతకాలము ఈ రెండవ నియమమునకు కాలదోషము పట్టదు. చిక్కున పడగానే తనకేదో పని యున్నదనియు, అది ముగించుకొని వచ్చి సమాధానము చెప్పెదననియు లేచిపోవుటకు విక్షేపమని పేరు పెట్టిరి. అట్టి పెద్దమనుషులు ఆనాడును కొల్లలుగా నుండిరన్నమాట! తత్త్వనిర్ణయమునకై చేయు వాదము వేరు, గెలుపునకై చేయు జల్పము వేరు అని విభజించియు, మొలకలకు ముండ్లకంచె వలె తత్త్వరక్షణకు జల్పమును అక్కఱకు వచ్చునని గౌతముడే యొప్పుకొనెను.

శ్రీపర్వతముతో సంప్రదాయము ముడివెట్టిన ఆచార్య నాగార్జునుడు, తన విగ్రహవ్యావర్తని యందలి 70 కారికలలో మొదటి 20 ప్రతిపక్షుల ఆక్షేపణలకే విడిచి, మిగిలినవానితో సమాధానము చెప్పెను. 14వ శతాబ్దినాటి సర్వదర్శనసంగ్రహము, వేదమునే కాదన్న చార్వాకులతో మొదలగును. చార్వాకుల స్వంత గ్రంథములు దాదాపుగా నశించిపోగా, వారి వాక్కు మనదాక వచ్చుటకు ముఖ్యకారణము వారి ప్రత్యర్థులు పాటించిన యీ యాచారమే.

అయితే నియమములు చెల్లుట సభాపతిని బట్టి యుండెను. నాగసేన భిక్షువు ఈ సంగతి బాగుగా నెఱిగినవాడు. యవనరాజగు మిళిందుడు సంవాదమునకు పిలువగా, పండితునివలె మాటాడినచో సరే, రాజువలెనైనచో తాను రానని ఆయన చెప్పినట్లు మిళిందప్రశ్నలో నున్నది. పండితులు ఖండింపబడినను కోపింపరు, రాజులు ఎదురాడినవానిని దండింతురు గదా! మిళిందుడు మాట యిచ్చిన పిదపనే సంభాషణము సాగినది.

తెలుగునాట వెలనాటి చోడుల రాజధానియగు చందవోలులో ఇట్టి కట్టుబాటేదియు కానరాదు. 12వ శతాబ్దివాడగు మల్లికార్జున పండితారాధ్యుడు ఆ రాజసభలో బౌద్ధాచార్యునితో వాదించెననియు, ఆ పిమ్మట శిష్యులు ఆ యాచార్యుని వధించిరనియు, అందులకు రాజు పండితారాధ్యుని కన్నులు పెరికించెననియు, శివానుగ్రహమున ఆయనకు మరల చూపు వచ్చెననియు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున ద్విపదలో చెప్పెను. ఇందు చరిత్రమెంత, భక్తికల్పన యెంత యనునది అటుంచి, సోమనాథుడు ఈ హత్యను మఱుగుపఱుపలేదు, సిగ్గుపడను లేదు. అది ఆయనకు భక్తుల వీరవ్రతము. రాజు వేసిన శిక్షయే అపరాధము.